రంజాన్ ట్యాంకరు దయ చాలు, పన్నెండు నెలల నీరు కావాలి

ఏటా షాబాన్ నెల సగం గడిచేసరికి మన రాష్ట్రంలో ఒక తంతు జరుగుతుంది. పాలకులు ఏ పార్టీవారైనా రంజాన్ ఏర్పాట్లపై సమీక్షా సమావేశం పెడతారు. మసీదుల వద్ద నీటి సరఫరాకు అంతరాయం కలగరాదని, సహరీ, ఇఫ్తార్ వేళలకు నీళ్ళు అందాలని, కొరత ఉన్నచోటికి ట్యాంకర్లు పంపాలని అధికారులకు ఆదేశాలు వెళతాయి. మర్నాడు ఆ వార్త పత్రికల్లో వస్తుంది. దాని పక్కనే మన పెద్దల కృతజ్ఞతా ప్రకటన కూడా వస్తుంది. షవ్వాల్ నెలవంక కనబడగానే ఆ ఆదేశాల గడువు తీరిపోతుంది. మిగిలిన పదకొండు నెలలు మన వీధిలోకి ఏ నీరు, ఏ గొట్టం గుండా, ఏ వేళకు వస్తున్నదో అడిగే సమావేశం లేదు. అడగాలన్న ధ్యాస మనకూ లేదు.

2025 సెప్టెంబర్ 8న గండిపేట వద్ద ముఖ్యమంత్రి ఒక పథకానికి శంకుస్థాపన చేశారు. గోదావరి తాగునీటి పథకం రెండు, మూడు దశలు. అంచనా వ్యయం 7,360 కోట్ల రూపాయలు. సిద్దిపేట జిల్లాలోని మల్లన్నసాగర్ జలాశయం నుంచి 20 టీఎంసీల నీరు నగరానికి తెస్తారు. అందులో 17.5 టీఎంసీలు తాగడానికి, 2.5 టీఎంసీలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను నింపి మూసీకి వదలడానికి. నగరమే కాదు, ఔటర్ రింగురోడ్డు లోపలి ఊళ్ళన్నీ రాబోయే కొన్ని దశాబ్దాలు తాగబోయే నీటి లెక్క ఇది. వక్ఫ్ ఆస్తుల మీద, రిజర్వేషన్ల మీద వెంటనే ప్రకటనలిచ్చే మన సంఘాలలో ఏ ఒక్కటీ ఈ లెక్క మీద ఒక వినతిపత్రమైనా ఇచ్చినట్టు నేను చూడలేదు. గొట్టాల సంగతి ఇంజనీర్ల పని అనుకున్నాం. ఆ పొరపాటును గురించే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. అనేక పురపాలక సంఘాలు, గ్రామాలు కలిసి ఒకే నదినీ ఒకే ప్రధాన గొట్టాన్నీ పంచుకోవడమనే ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. నీరు, గడ్డి, నిప్పు అనే మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములేనని బోధించిన మహాప్రవక్త (స) అనుచర సముదాయం మనది. మదీనాలో రూమా బావి నీళ్ళు అమ్మకానికి నడుస్తున్న రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని అందరికీ వదిలివేశారు. తానూ అందరిలో ఒకడిగానే తోడుకున్నారు. ఉమ్మడి నీరు మనకు కొత్త సిద్ధాంతం కాదు. అయితే పంచుకోవడమంటే ఇచ్చేవాడు ఎవరు, పుచ్చుకునేవాడు ఎవరు, చివర నిలబడ్డవాడి బిందెలో పడిందేమిటి అన్న మూడు ప్రశ్నలూ కలిపి అడగాలి. మన ప్రణాళికలు మొదటి రెండింటినీ పైపైన తాకి, మూడోదాన్ని వదిలేస్తున్నాయి.

ఈ నగరం నీటి చరిత్ర నానాటికీ దూరం పెరిగిన చరిత్ర. కుతుబ్‌షాహీల కాలంలో హుసేన్‌సాగర్ ఉండేది. 1908 మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒకదాని నీరు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు, రెండోదాని నీరు మీరాలం ఫిల్టర్ బెడ్లకు పల్లం వెంబడి తనంతట తానే వచ్చేది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. ఆ తరువాత 1965లో మంజీరా, 1991లో సింగూరు వచ్చాయి. 2004, 2008, 2015 సంవత్సరాల్లో మూడు దశల్లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణ వచ్చింది. దశకు రోజుకు 9 కోట్ల గాలన్ల చొప్పున. 2015 చివర ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్ల గొట్టం గుండా గోదావరి వచ్చింది. ఆ గొట్టం సామర్థ్యం రోజుకు 17 కోట్ల 20 లక్షల గాలన్లు. ఇప్పుడు మల్లన్నసాగర్ వంతు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఇంటి ముంగిట ఉన్న రెండు జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చారు. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఈ జలాశయాల వ్యాజ్యంలోనే తాగునీరు పొందడం ప్రజల ప్రాథమిక హక్కులో భాగమని చెప్పింది. 2022లో ప్రభుత్వం ఆ జీవో ఆంక్షలను సడలించింది. వాన నీరు వచ్చే దారిని నిర్మాణాలకు తెరిచిపెట్టి, అదే చెరువును నింపడానికి గోదావరి నీటిని ఎత్తిపోసి తేవడం ఏ గృహస్థూ తన ఇంట్లో చేయడు.

ఇక ఇచ్చేవారి సంగతి. మల్లన్నసాగర్ 50 టీఎంసీల జలాశయం. దాని కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు పోయాయి. ఆ ఊళ్ళలో రైతులు ఉన్నారు, కూలీలు ఉన్నారు, వారితోపాటు దూదేకులు, ఫకీర్లు, చిన్న చిన్న మసీదులు, కబరస్తాన్‌లు ఉండే తెలంగాణ పల్లె బతుకు ఉంది. వారు పరిహారం కోసం దీక్షలు చేసినప్పుడు నగరంలోని మనం టీవీలో చూసి ఛానల్ మార్చాం. వారు మునిగిన నీటిని రేపు మనం తాగుతాం. తాగేవాడికి ఆ ఊళ్ళ పేర్లయినా తెలిసి ఉండాలి. గొట్టం పోయే దారిలోని పల్లెకు నీరు దక్కుతున్నదా అని అడిగే బాధ్యత కూడా నీళ్ళు పుచ్చుకునే నగరవాసి మీదే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నది నుంచి శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి రిజర్వాయరుకు వచ్చే నీటికి లెక్క ఉంది, కాపలా ఉంది, క్లోరిన్ ఉంది. రిజర్వాయరు నుంచి మన గుమ్మానికి వచ్చే చివరి వంద గజాలకు ఏదీ లేదు. చిక్కడపల్లి గల్లీల్లో, నారాయణగూడ వెనుక సందుల్లో, అశోక్‌నగర్ నాలా పక్కన ఉన్న ఇళ్ళలో నల్లా వచ్చిన మొదటి పది నిమిషాల నీరు పారబోయడం ఇంటిల్లిపాదికీ అలవాటు. చిన్నపిల్లలు కూడా ముందు వాసన చూసి, రంగు చూసి, తరువాత బిందె పెడతారు. బయటి ఊరి నుంచి కోడలై వచ్చిన అమ్మాయికి అత్తగారు నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు. మన నగరంలో నీరు రోజంతా రాదు. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదులుతారు. నీరున్నంతసేపు గొట్టంలో ఒత్తిడి బయటికి ఉంటుంది. పగులు ఉంటే నీరు బయటికి కారుతుంది. నీరు ఆపిన తరువాత గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులు గుండా బయటి చెమ్మ లోపలికి పోతుంది. పాత పేటల్లో తాగునీటి గొట్టం, మురుగు గొట్టం ఒకే ఇరుకు సందులో పక్కపక్కనే పరుచుకుని ఉంటాయి. ఇంటి కనెక్షన్ పైపు కొన్నిచోట్ల మోరీని దాటి రావలసిందే. మ్యాన్‌హోల్ పొంగిన రోజు ఆ చెమ్మ ఏమిటో చెప్పనక్కరలేదు. దీనికి తోడు లైను చివర ఉన్న ఇంటివారు ధార రాక నల్లాకే మోటారు బిగిస్తారు. ఆ మోటారు నీటితోపాటు మురుగునూ లాగుతుంది. 2025 వేసవిలో మోటార్లు స్వాధీనం చేసుకుని జరిమానా వేశారు. మోటారు తప్పే. చివరి ఇంటికి ఒత్తిడి అందనివ్వని గొట్టానికి ఎవరూ జరిమానా వేయలేదు.

మా పేట మీదుగా ఇందిరాపార్కు నుంచి ఆర్టీసీ చౌరస్తా దాటి వీఎస్టీ వరకు ఉక్కు వంతెన వేశారు. 2023 ఆగస్టులో అది ప్రారంభమైంది. మంచి వంతెన, నేనూ దాని మీద వెళతాను. పైన వేసినదానికి శిలాఫలకం ఉంటుంది, రిబ్బను ఉంటుంది, ఫోటో ఉంటుంది. దాని కింది సందుల్లో భూమిలోపల మూడడుగుల లోతున ఉన్న గొట్టాన్ని మారిస్తే ఏ మంత్రికీ ఫోటో రాదు. ప్రభుత్వ కార్యాలయంలో జీవితకాలం ఫైళ్ళు కదిపినవాణ్ణి కనుక మరొకటి చెబుతాను. పెద్ద అంచనా తయారయ్యేటప్పుడు వీధి గొట్టాల పద్దు కూడా అందులో ఉంటుంది. మొత్తం ఎక్కువైందని పైనుంచి ఫైలు తిరిగి వచ్చినప్పుడు మొట్టమొదట కోత పడేది ఆ పద్దుకే. 'తదుపరి దశలో చేపట్టవచ్చును' అని పక్కన ఒక వాక్యం రాస్తారు. అటువంటి వాక్యాలు నా చేత్తోనే ఎన్నో శుద్ధప్రతి రాశాను. ఆ తదుపరి దశ ఫైలు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ.

మన గోదావరి రెండో దశకు ఎంచుకున్న పద్ధతి ప్రకారం గుత్తేదారు సంస్థ పెట్టుబడిలో అధికభాగం ముందు పెడుతుంది, ప్రభుత్వం దాన్ని వడ్డీతో ఏళ్ళ తరబడి వాయిదాల్లో తీరుస్తుంది. వాయిదా తప్పించుకోలేనిది. వీధి గొట్టం ఖర్చు వాయిదా వేయదగినది. డబ్బు చాలని సంవత్సరంలో ఏది ఆగుతుందో గుమాస్తాను అడిగినా చెబుతాడు.

అశోక్‌నగర్‌కు కూతవేటు దూరంలో, ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్ ఉంది. తోళ్ళ గిడ్డంగులు, పాత సామాన్ల దుకాణాలు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు. జనం ఎక్కువగా మనవారే, కాయకష్టం చేసుకునేవారే. 2009 మే నెలలో అక్కడి తాగునీటిలో మురుగు కలిసింది. వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. నల్లకుంట కోరంటి ఆసుపత్రి ఆ వారమంతా భోలక్‌పూర్ మనుషులతోనే నిండింది. పలువురు మరణించారు. ఆ సమయంలో నగరానికి నీటి కొరత లేదు సుమా! కృష్ణా రెండో దశ అంతకు ముందు సంవత్సరమే వచ్చింది. వందకు పైగా కిలోమీటర్లు క్షేమంగా ప్రయాణించి వచ్చిన నీరు చివరి వంద గజాల్లో విషమైంది. మరణాలు జరిగాకనే ట్యాంకర్లు వచ్చాయి, నాయకులు వచ్చారు, పరిహారం మాట వచ్చింది. మనవారు జనాజాలు మోశారు, నష్టపరిహారం చెక్కుల కోసం తిరిగారు, తరువాత మరచిపోయారు. ప్రతి మే నెలలో ఆ రోజును గుర్తుచేసుకుని గొట్టాల లెక్క అడిగే ఆనవాయితీ మనం పెట్టుకోలేదు.

ఇది హైదరాబాదుకే పరిమితమైన కథ అనుకోనక్కరలేదు. అమెరికాలో, మన తెలుగువారు వేల సంఖ్యలో ఉండే మిషిగన్ రాష్ట్రంలో, ఫ్లింట్ అనే పట్టణం ఉంది. నల్లజాతివారు అధికసంఖ్యలో ఉన్న పేద పట్టణం. ఆ ప్రాంతంలోని స్థానిక సంస్థలు కొన్ని కలిసి హ్యురాన్ సరస్సు నుంచి కొత్త ఉమ్మడి గొట్టం వేసుకోవాలని నిర్ణయించాయి. అంతవరకు డెట్రాయిట్ నుంచి వస్తున్న నీటిని వదులుకుని, కొత్త గొట్టం పూర్తయ్యేలోగా ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నది నీటిని వదిలారు. ఆ నీటికి గొట్టాలను తినివేసే గుణం ఉంది. దాన్ని అరికట్టే మందు కలపలేదు. పాత సీసపు గొట్టాలు కరిగి పిల్లల రక్తంలోకి సీసం చేరింది. లెజియనెల్లా అనే క్రిమివల్ల కనీసం 12 మంది చనిపోయారు. ప్రజలు గోధుమరంగు నీళ్ళ సీసాలు పట్టుకుని నెలల తరబడి మొత్తుకున్నా నీరు బాగానే ఉందని అధికారులు చెబుతూ వచ్చారు. 2015 అక్టోబర్‌లో గాని పాత నీటికి మళ్ళలేదు. ఆ నిర్ణయాల కాలంలో పట్టణ పాలన ఎన్నికైన మండలి చేతిలో లేదు. రాష్ట్రం నియమించిన అత్యవసర అధికారి చేతిలో ఉంది. 2017లో ఆ రాష్ట్ర పౌరహక్కుల కమిషనే ఈ దుర్ఘటన మూలాలు జాతివివక్షలో ఉన్నాయని రాసింది. ఉమ్మడి గొట్టం ప్రణాళిక కాగితం మీద బాగానే ఉంది. చివరి గొట్టం, చివరి మనిషి ఆ కాగితంలో లేరు.

మన దగ్గర ఆ కాగితం ఎవరు రాస్తారు? 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాల్లో నీటి సరఫరా ఐదవది. కాని హైదరాబాదులో నీరు 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి చేతిలో ఉంది. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మనం ఓటు వేసే కార్పొరేటరు ఆ మండలికి ఫిర్యాదు చేయగలడే గాని దాని ప్రాధాన్యాలు నిర్ణయించలేడు. 2025 చివర శివార్లలోని 27 పురపాలక సంస్థలను గ్రేటర్‌లో కలిపి వార్డులను 150 నుంచి 300కు పెంచారు. కొత్త కాలనీలకు కొత్త గొట్టాలు వేయాలి, వేయవలసిందే. అక్కడి ప్రజలు ఏళ్ళ తరబడి ట్యాంకర్ల మీద బతికారు. అయితే ఖాళీ నేలలో కొత్త గొట్టం వేయడం తేలిక. చిక్కడపల్లి సందు తవ్వి పాత గొట్టం తీయడం కష్టం. కష్టమైన పని వెనుకపడుతుంది. ఆ వెనుకపడే చోట్ల జాబితా తీస్తే అందులో మన బస్తీల పేర్లు ఎన్ని ఉంటాయో ఊహించండి.

నీటికి మతమేమిటని నన్ను అడిగినవారున్నారు. గొట్టానికి మతం లేదు. బడ్జెట్టుకు మాత్రం చిరునామా ఉంది. ముస్లింలు అధికంగా ఉండే ప్రాంతాల్లో మౌలిక వసతులు వెనుకబడి ఉన్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక లెక్కలతో చూపింది. అదే సమయంలో ఒక సంగతి ఒప్పుకోవాలి. చిక్కడపల్లిలో, అశోక్‌నగర్‌లో మనం చెదురుమదురుగా ఉన్నాం. మన గోడకు అవతల ఉన్న హిందూ కుటుంబం, కోచింగ్ కోసం పాలమూరు, ఆదిలాబాదుల నుంచి వచ్చి ఇరుకు హాస్టళ్ళలో పదిమంది ఒక గదిలో ఉండే విద్యార్థులు, అదే లైను నీరు తాగుతున్నారు. ఈ కోరికను మసీదు గుమ్మం దాటించి వారి దగ్గరికి తీసుకువెళ్ళకపోతే అది నెగ్గదు.

మన తప్పులు కూడా తక్కువవి కావు. మసీదులో బోరు వేయించి పుణ్యకార్యం ముగిసిందనుకుంటున్నాం. వజూ చేసుకునే నీటికి బోరు ఉంది కనుక నల్లా సంగతి కమిటీకి పట్టదు. ఆ మసీదుకు వచ్చే నమాజీ ఇంట్లో తాగేది మాత్రం నల్లా నీరే, లేదా క్యాను నీరు. నెలకు 20 వేల లీటర్లు ఉచితమని 2021 జనవరిలో పథకం పెట్టారు, సంతోషించాం. కాని ఒకే కనెక్షన్ ఉన్న ఇంట్లో నాలుగు కుటుంబాలు అద్దెకుంటే ఆ ఉచితం ఎవరి వాటా? మీటరు, ఆధారు, క్యాను నంబరు అన్నీ ఇంటి యజమానివి. అద్దెకున్న ఆటో డ్రైవరు, దర్జీ నెలనెలా యజమాని చెప్పిన నీటి డబ్బు కట్టి, తాగడానికి మళ్ళీ క్యాను కొంటున్నారు. ఉచిత నీటి రాష్ట్రంలో పేదవాడు రెండుసార్లు చెల్లిస్తున్నాడు. వాసన వచ్చే నీరు ఉచితమైనా ఎవరికి కావాలి?

కనుక అడగవలసింది ట్యాంకర్లను కాదు. గోదావరి రెండో దశకు పెట్టే ప్రతి రూపాయితోపాటు పాత పేటల వీధి గొట్టాల మార్పిడికి విడదీయరాని వాటా అదే ఒప్పందంలో రాయాలి. తదుపరి దశ అనే మాట చెల్లదు. ఏ వీధి గొట్టం ఏ సంవత్సరానిదో, ఎక్కడ మురుగు లైనును దాటుతున్నదో వార్డువారీగా ప్రకటించాలి. ప్రతి వారం నీటి పరీక్ష ఫలితాన్ని తెలుగులో, ఉర్దూలో మసీదు, గుడి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం గోడల మీద అంటించాలి. చట్టంలో ఉన్న వార్డు కమిటీలను, ఏరియా సభలను నిద్ర లేపి గొట్టాల ప్రాధాన్యాన్ని వాటి ముందు పెట్టాలి. వాటిలో మన స్త్రీలు ఉండాలి. నీళ్ళు వచ్చే వేళ, రంగు, వాసన ఇంట్లో వారికే తెలుసు.

మా పక్షాన ఒక పని మొదలుపెట్టాం. సమాచార హక్కు చట్టం కింద ఒక్కొక్క మసీదు కమిటీ తన వీధి గురించి ఒక్కొక్క దరఖాస్తు వేయాలని జుమా తరువాత మాట్లాడుకున్నాం. రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. అడిగేవి నాలుగే: మా వీధి తాగునీటి గొట్టం ఎప్పుడు వేశారు, దేనితో చేసినది, మురుగు గొట్టానికి ఎంత దూరంలో ఉంది, గడచిన ఏడాదిలో మా వీధి నీటిని ఎన్నిసార్లు పరీక్షించారు, ఫలితమేమిటి. మామూలు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. నీటిలో మురుగు వాసన వచ్చిన రోజున అది ప్రాణానికి సంబంధించిన విషయమని రాయండి. ఏడో సెక్షన్ ప్రకారం అటువంటి సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు నకలును, అందిన రసీదును జాగ్రత్తగా దాచుకోండి. రాయడం రానివారికి మగ్రిబ్ తరువాత నేను రాసిపెడతాను. మీ మీ పేటల్లోనూ పింఛను తీసుకుంటున్న గుమాస్తాలు ఉంటారు, వారిని కూర్చోబెట్టండి.